మురుగునీటికి మరో జన్మ
భిలాయి కొలనులు పల్లెలకు నేర్పే పాఠం

భిలాయి పేరు వినగానే మన కన్నుల ముందు నిలిచేది ఉక్కు. ఎర్రగా కరిగిన ఇనుము, ఆకాశాన్ని తాకే పొగగొట్టాలు, దేశం నలుమూలలకు సాగిపోయే రైలు పట్టాలు గుర్తుకు వస్తాయి. ఆ నగరంలో ఉక్కుతోపాటు అహోరాత్రాలు తయారవుతున్న మరొక పదార్థాన్ని గురించి ఆలోచించేవారు తక్కువ. అది మురుగునీరు. వేలాది ఇండ్లలో స్నానం చేసిన నీరు, పాత్రలు కడిగిన నీరు, బట్టలు ఉతికిన నీరు, మరుగుదొడ్ల నీరు ప్రతిదినం భూగర్భ గొట్టాలలో ప్రవహించి నగరం దాటిపోతుంది. నగరం దాటిన తరువాత అది ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినది కాదు. నగరానికి దిగువన నివసించే ప్రతి గ్రామానికి ఇది ఆరోగ్యానికి, జీవనానికి సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు భిలాయి టౌన్‌షిప్ నిర్మాతలు ఇచ్చిన సమాధానం చాలా సరళమైనది. భారీ యంత్రాలతో నిండిన ఆ నగరంలో ఇండ్ల మురుగునీటిని శుద్ధిచేయడానికి దశాబ్దాల పాటు ఆధారమైనవి యంత్రాలు కావు. లోతు తక్కువగల విశాలమైన కొలనులు ఆ పని చేశాయి. కుటేలాభాటా, రిసాలి ప్రాంతాలలో ఏర్పరచిన ఈ కొలనులను ఆక్సీకరణ కొలనులు అంటారు. వీటిలో పనిచేసేవి ఎండ, గాలి, నాచు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు. విద్యుత్తు లేకుండా, విలువైన పరికరాలు లేకుండా నీరు ఎట్లు శుభ్రపడుతుందో తెలుసుకొంటే, పారిశ్రామిక నగరానికే గాక చిన్న పల్లెకు కూడా పనికివచ్చే పాఠం లభిస్తుంది.

ఒకే నీరు, అనేక భాషలు

భిలాయి ఉక్కు కర్మాగార నిర్మాణానికి భారత ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదుర్చుకొన్నది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. అప్పుడు ఆ ప్రాంతం మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో భాగం. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన నాటినుండి ఆ రాష్ట్రంలో ఉన్నది.

కర్మాగారం రాకపూర్వం అక్కడ ఉన్నవి వరిపొలాలు, పల్లెలు, చెరువులు. ఆ పల్లెల పేర్లు కొన్ని నేటికీ నగరంలోని పేటల పేర్లుగా మిగిలి ఉన్నాయి. పంజాబు, బెంగాలు, కేరళ, ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, ఆంధ్ర ప్రాంతాలనుండి కార్మికులు, సాంకేతిక నిపుణులు తరలివచ్చి స్థానిక ఛత్తీస్‌గఢీ ప్రజలతో కలిసి అక్కడ స్థిరపడ్డారు. ఉత్తరాంధ్ర జిల్లాలనుండి వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఖుర్సీపార్ మొదలైన పేటలలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి. సంక్రాంతికి ముగ్గులు, దుర్గాపూజకు మంటపాలు, ఛఠ్ పర్వదినాన సూర్యునికి అర్ఘ్యాలు, ఓనం పూలతివాసీలు ఒకే నగరంలో కనిపిస్తాయి. భిలాయిని చిన్న భారతదేశమని పిలవడం అందువల్లనే వాడుక అయింది.

వీరందరికీ నీటి మూలం దాదాపు ఒక్కటే. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో సేద్యంకోసం తాందులా నదిపై జలాశయం నిర్మించబడింది. ఆ నీరు కాలువల ద్వారా భిలాయిలోని మరోదా జలాశయాలకు చేరుతుంది. తరువాతి కాలంలో మహానదిపై ధమ్తరీ సమీపాన నిర్మించిన గంగ్రేల్ ఆనకట్ట, అనగా రవిశంకర్ సాగర్, కూడా కర్మాగారానికి ఆధారమైంది. రైతుకు నీరు ఎక్కడినుండి వస్తున్నదో కార్మికునికి కూడా అక్కడినుండే వస్తున్నది.

వాడిన నీటి ప్రయాణం కూడా అట్టిదే. నగరం నుండి వెలువడిన నీరు వాగులద్వారా శివనాథ్ నదిని చేరుతుంది. మహానదికి గల ఉపనదులలో అతి పొడవైనది శివనాథ్. మహానది ఒడిశాలో ప్రవేశించి, 1957లో ప్రారంభమైన హీరాకుద్ జలాశయాన్ని నింపి, చివరకు బంగాళాఖాతంలో కలుస్తుంది. భిలాయిలో ఒక తెలుగు ఇల్లాలు జాలారులో ఒలకబోసిన నీటికి ఈ విధంగా రెండు రాష్ట్రాలతో సంబంధం ఏర్పడుతున్నది. మనం 'మురుగు' అని విడిచిపెట్టినది దిగువనున్నవారికి 'నది'గా చేరుతుంది. మురుగునీటి శుద్ధి వెనుకనున్న నైతికసూత్రం ఇదే.

మురుగునీటిలో ఏమున్నది?

మురుగునీటిలో 99.9 శాతం నీరే. వెయ్యి పాళ్ళలో ఒక్క పాలు మాత్రమే మలినం. అయితే ఆ ఒక్క పాలు చేసే హాని సామాన్యమైనది కాదు. అందులో మలమూత్రాలు, ఆహారపు తునకలు, నూనె, సబ్బు, మట్టి ఉంటాయి. వీటితోపాటు కలరా, టైఫాయిడ్, అతిసారం, కామెర్లు మొదలగు వ్యాధులను కలిగించే క్రిములు, నులిపురుగుల గుడ్లు కూడ ఉంటాయి.

ఈ మలినాలలో సేంద్రియ పదార్థం ముఖ్యమైనది. దానిని బాక్టీరియా తినివేస్తుంది. తినేటప్పుడు నీటిలో కరిగియున్న ప్రాణవాయువును వాడుకొంటుంది. ఒక నీటి నమూనాలోని మలినాన్ని హరించడానికి ఎంత ప్రాణవాయువు అవసరమో కొలిచి మురుగు తీవ్రతను నిర్ణయిస్తారు. ఈ కొలతను బి.ఓ.డి. అంటారు. మన దేశంలో ఇండ్లనుండి వచ్చే మురుగునీటిలో ఇది సాధారణంగా లీటరుకు 200 నుండి 300 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. వేసవిలో ఒక లీటరు మంచినీటిలో కరిగియుండే ప్రాణవాయువు సుమారు 7 లేక 8 మిల్లీగ్రాములు మాత్రమే. కనుక శుద్ధిచేయని మురుగును వాగులో వదలితే అందులోని ప్రాణవాయువంతా కొద్దిసేపటిలోనే హరించిపోతుంది. చేపలు చనిపోతాయి, నీరు నల్లబడుతుంది, దుర్గంధం వ్యాపిస్తుంది. వాగులలో, నదులలో వదలే మురుగునీటికి బి.ఓ.డి. లీటరుకు 30 మిల్లీగ్రాములకు మించరాదనీ, పొలాలకు పారించే నీటికి 100 మించరాదనీ మన దేశంలో సాధారణ ప్రమాణాలు నిర్ణయించబడినవి.

ఎండ, నాచు, సూక్ష్మజీవి

ఆక్సీకరణ కొలను లోతు సాధారణంగా ఒకటి నుండి ఒకటిన్నర మీటరు. అంత తక్కువ లోతు ఉండడానికి కారణం ఉన్నది. సూర్యరశ్మి నీటిలోకి కొంత దూరం మాత్రమే చొచ్చుకొనిపోగలదు. ఆ వెలుగులో సూక్ష్మమైన ఆకుపచ్చని నాచు జాతులు పెరుగుతాయి. కొలను నీరు పచ్చగా కనిపించేది వీటివల్లనే. ఆ పచ్చదనాన్ని చూచి నీరు పాడైనదని చాలామంది భ్రమపడతారు. నిజానికి కొలను ఆరోగ్యంగా ఉన్నదనడానికి అదే గుర్తు.

మొక్కల ఆకులవలెనే ఈ నాచు కూడ బొగ్గుపులుసు వాయువును గ్రహించి, సూర్యరశ్మి సాయంతో ఆహారం తయారుచేసుకొని, ప్రాణవాయువును విడుదల చేస్తుంది. ఆ ప్రాణవాయువుతో బాక్టీరియా మురుగులోని సేంద్రియ పదార్థాన్ని విచ్ఛిన్నం చేస్తుంది. అందులోనుండి వెలువడిన బొగ్గుపులుసు వాయువు, నత్రజని, భాస్వరం తిరిగి నాచుకు ఆహారమవుతాయి. ఒకటి విడిచినది మరొకదానికి జీవాధారం. ఈ పరస్పర సహకారమే కొలను చేసే పని సారాంశం.

అడుగున వెలుగు చేరదు, ప్రాణవాయువు కూడ ఉండదు. అక్కడ వేరొక జాతి బాక్టీరియా అడుగుకు దిగిన మడ్డిని నెమ్మదిగా కుళ్ళింపజేస్తుంది. గోబర్‌గ్యాస్ గుంటలో జరిగే ప్రక్రియ వంటిదే ఇది. నీరు కొన్ని దినాల నుండి కొన్ని వారాల వరకు కదలిక లేకుండా నిలువ ఉండడంవల్ల బరువైన నులిపురుగుల గుడ్లు అడుగుకు దిగిపోతాయి. పగటివేళ నాచు ముమ్మరంగా పనిచేసి నీటి క్షారగుణాన్ని పెంచుతుంది. ఈ క్షారగుణం, సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు, ఆహారపు కొరత, కాలగమనం కలిసి వ్యాధిక్రిములలో అధికభాగాన్ని నశింపజేస్తాయి. ఒకే పెద్ద కొలనుకంటె ఒకదాని తరువాత ఒకటిగా రెండు మూడు కొలనులు ఉండడం మేలు. పచ్చి మురుగు దగ్గరి దారిన బయటికి జారిపోకుండా ఆ అమరిక అడ్డుపడుతుంది. చక్కగా నిర్వహించిన కొలనులు బి.ఓ.డి.ని 80 నుండి 90 శాతం వరకు తగ్గించగలవు.

ఈ పద్ధతికి కావలసినవి మూడు: స్థలం, ఎండ, కాలం. ఛత్తీస్‌గఢ్ మైదానంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. శీతల దేశాలలో చలికాలంలో మందగించే ఈ కొలనులు మన దేశంలో ఏడాది పొడవునా పనిచేస్తాయి. ఈ విషయంలో భారతీయ శాస్త్రజ్ఞుల కృషి పేర్కొనదగినది. 1958లో నాగపూర్‌లో స్థాపించబడిన కేంద్రీయ ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ మన వాతావరణానికి తగిన కొలనుల నమూనాలను పరిశోధించి, వాటి నిర్మాణ సూత్రాలను రూపొందించింది. 1974లో ఈ సంస్థ 'నీరీ' అనగా జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థగా పేరు మార్చుకొన్నది. భూమధ్యరేఖకు ఎంత సమీపంలో ఉంటే కొలను అంత ఎక్కువ మురుగును భరించగలదని మన నిర్మాణ ప్రమాణాలు చెబుతున్నాయి. భిలాయి ఉన్న 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఒక హెక్టారు కొలను రోజుకు దాదాపు 240 కిలోల బి.ఓ.డి. భారాన్ని మోయగలదు.

కార్ఖానా నీరు వేరు, ఇంటి నీరు వేరు

ఇక్కడ ఒక ముఖ్యవిషయం గుర్తుంచుకోవాలి. ఈ కొలనులు ఇండ్ల మురుగుకు ఉద్దేశించినవి. కర్మాగారపు వ్యర్థజలానికి కాదు. బొగ్గును కోకుగా మార్చే బట్టీలనుండి వెలువడే నీటిలో ఫినాల్, అమ్మోనియా, సయనైడు వంటి విషపదార్థాలు ఉంటాయి. అవి కొలనులోని నాచును, బాక్టీరియాను చంపివేస్తాయి. శుద్ధిచేయవలసిన జీవులే చనిపోతే కొలను మురికిగుంటగా మారిపోతుంది. అందుచేత ఉక్కు పరిశ్రమలో అట్టి నీటిని ప్రత్యేకమైన ప్లాంట్లలో వేరుగా శుద్ధిచేయవలసి ఉంటుంది.

పల్లెకు కూడ ఈ సూత్రం వర్తిస్తుంది. పురుగుమందుల డబ్బాలు కడిగిన నీరు, బ్యాటరీల ఆమ్లం, అద్దకపు రంగులు, మరమ్మతు దుకాణాల వాడిన నూనె వీధి కాలువలో కలిస్తే ఏ సహజశుద్ధి పద్ధతి కూడ పనిచేయదు. మురుగును బాగుచేయడంలో మొదటి మెట్టు దానిలో కలపకూడని వాటిని కలపకపోవడమే.

కొలను ఎందుకు చెడుతుంది?

కొలనులో యంత్రాలు లేవు కనుక దానికి సంరక్షణ అక్కరలేదని భావించడం పొరపాటు. దేశంలో అనేక పట్టణాలలో ఇట్టి కొలనులు పాడుబడడానికి ఈ పొరపాటే కారణం. గట్ల అంచున గడ్డి పెరగనిస్తే నీడలో నిలిచిన నీటిలో దోమలు గుడ్లు పెడతాయి. గుర్రపుడెక్క కమ్ముకొంటే వెలుగు లోనికి పోదు, నాచు చనిపోతుంది. పైన తెట్టు కట్టినా అదే ఫలితం. ఎలుకలు, పీతలు గట్లకు బొరియలు చేస్తే నీరు కారిపోతుంది. అడుగున పూడిక పేరుకొంటే లోతు తగ్గి, నీరు నిలిచే కాలం తగ్గుతుంది. ఎన్ని ఇండ్లకోసం కొలను నిర్మించారో అంతకు మించిన ఇండ్ల మురుగు వచ్చి చేరితే అది ఆ భారం మోయలేదు. నగరం పెరిగినకొలదీ కొలను చుట్టుపట్ల భూమి విలువ పెరుగుతుంది. కొలనుకు స్థలం కరవవుతుంది. పెద్ద నగరాలు క్రమంగా తక్కువ స్థలంలో పనిచేసే యంత్రసహిత శుద్ధికేంద్రాల వైపు మొగ్గడానికి ఇది ప్రధాన కారణం.

దోమల విషయంలో విచక్షణ అవసరం. బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ మురికికాలువలలో, కుళ్ళిన నీటిలో పెరుగుతుంది. ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల ప్రజలకు ఈ వ్యాధి చిరపరిచితం. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ మాత్రం కూలర్లలో, తొట్లలో, పాత టైర్లలో నిలిచిన శుభ్రమైన నీటిని కోరుతుంది. 2018 వర్షాకాలంలో భిలాయిలో డెంగ్యూ తీవ్రంగా ప్రబలి అనేక కుటుంబాలు తమవారిని కోల్పోయాయి. మురుగు కాలువలు బాగుచేసినంత మాత్రాన డెంగ్యూ పోదు. ఇంటిలోని తొట్టి ఎండగట్టినంత మాత్రాన బోదకాలు పోదు. నీటిని నిలువచేసే చోటునూ, వదలివేసే చోటునూ సమానంగా గమనించాలి.

వెయ్యిమంది పల్లె లెక్క

భిలాయి పాఠాన్ని ఇప్పుడు ఒక పల్లెకు అన్వయించి చూద్దాం. 2019 ఆగస్టు 15న ప్రకటించబడిన జలజీవన్ మిషన్ ప్రతి గ్రామీణునికి రోజుకు 55 లీటర్ల నీరు కొళాయి ద్వారా అందించడం లక్ష్యంగా పెట్టుకొన్నది. వెయ్యిమంది గల గ్రామానికి రోజుకు 55 వేల లీటర్లు. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్ల అంచనా. అనగా రోజుకు 44 వేల లీటర్లు, ఏడాదికి దాదాపు ఒక కోటి 60 లక్షల లీటర్లు. బావినుండి తోడుకొన్న కాలంలో ఇంటికి నాలుగు బిందెల నీరు వచ్చేది. ఆ మురుగు పెరటిలోనే ఇంకిపోయేది. కొళాయి వచ్చిన తరువాత నీరు వీధిన పడింది. మంచినీటి పథకం ఎక్కడికి వెళ్ళినా దాని వెనుకనే మురుగునీటి సమస్య కూడ నడచివస్తుంది. మొదటిదానిని ఉత్సవంగా ప్రారంభించి రెండవదానిని మరచిపోవడం మన గ్రామాలలో తరచుగా జరుగుతున్నది.

ఈ వెయ్యిమంది నీటిని కొలనుతో శుద్ధి చేయదలిస్తే ఎంత స్థలం కావాలి? మనిషికి రోజుకు 50 గ్రాముల చొప్పున లెక్కించినా మొత్తం బి.ఓ.డి. 50 కిలోలు. హెక్టారుకు 240 కిలోల చొప్పున కొలను వైశాల్యం సుమారు అర ఎకరం. గట్లు, దారి కలుపుకొంటే ఒక ఎకరం లోపుగానే సరిపోతుంది. ఆ స్థలం ఊరికి పల్లంలో ఉంటే నీరు తనంత తానే పారుతుంది, పంపు అవసరం లేదు.

అయితే ప్రతి పల్లెకూ కొలను అవసరం లేదు. ఇండ్లు ఎడంగా ఉండి, నేల నీటిని పీల్చుకొనేదైతే ఇంటింటా ఇంకుడు గుంత చాలు. దానిలో పెద్దరాళ్ళు, కంకర, ఇసుక పొరలుగా నింపుతారు. ముందు ఒక చిన్న తొట్టిలో జిడ్డు, మెతుకులు నిలిచిపోయేటట్లు ఏర్పాటు చేస్తారు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ ఇట్టి గుంతలకు ప్రసిద్ధి చెందింది. తాగునీటి బావికి 15 మీటర్ల లోపున గుంత తీయరాదు. నల్లరేగడి నేలలో, భూగర్భజలం పైపైనే ఉన్నచోట ఈ పద్ధతి పనికిరాదు. పెరడు ఉన్నవారు స్నానపు నీటిని అరటికి, బొప్పాయికి, కరివేపకు మళ్ళించుకోవచ్చు. వీధి కాలువ ఒకచోట చేరేచోట కంకర నింపిన గుంటలో జమ్ము, మెట్టతామర నాటి, ఆ వేళ్ళ నడుమనుండి నీటిని నెమ్మదిగా పారించి వడకట్టవచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ రంగారెడ్డి జిల్లా కొత్తపల్లి వంటి గ్రామాలలో ఇట్టి తేమనేలల ద్వారా మురుగును శుద్ధిచేసి సేద్యానికి ఉపయోగించే పద్ధతిని ప్రదర్శించింది.

మరుగుదొడ్డి నీటిని మాత్రం వీధికాలువలో వదలరాదు. గ్రామీణ గృహాలకు రెండు గుంతల మరుగుదొడ్డి శ్రేయస్కరమని నిపుణులు చెబుతారు. ఒక గుంత నిండిన తరువాత మూసివేసి రెండవదానిని వాడుతారు. ఏడాదిన్నర, రెండేండ్లకు మొదటి గుంతలోనిది వాసనలేని ఎరువుగా మారుతుంది.

ఛత్తీస్‌గఢ్ పల్లెలకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉన్నది. చెరువులు ఆ ప్రాంతపు జీవనాడులు. ఒక ఊరి సంపదను చెప్పవలసివస్తే అక్కడి పెద్దలు 'ఛై ఆగర్ ఛై కోరీ' అంటారు. అనగా ఆరు ఇరువదులు, పైన ఆరు: 126 చెరువులున్న ఊరు అని అర్థం. స్నానాలకు, బట్టలకు, పశువులకు వాడే చెరువును 'నిస్తారీ' చెరువు అంటారు. అట్టి చెరువులోనికి వీధి మురుగు కలవడం ఆ ఊరి బిడ్డల ఆరోగ్యాన్ని పణంగా పెట్టడమే. శుద్ధికొలను వేరు, నిస్తారీ చెరువు వేరు. మొదటిది రెండవదానికి కావలి కాయాలి. తెలుగునాట ఊరచెరువుకు కూడ ఇదే మాట చెప్పవచ్చు.

చేతులు ఎవరివి?

మురుగు శుద్ధిని గురించి మాట్లాడేటప్పుడు నీటిని గురించి మాత్రమే మాట్లాడి ఊరుకొంటే విషయం సగమే చెప్పినట్లవుతుంది. తరతరాలుగా మన దేశంలో ఇతరుల మాలిన్యాన్ని మోసే భారం కొన్ని కులాలవారిపై మోపబడింది. పారిశ్రామిక నగరాలు కూడ దీనికి మినహాయింపు కాలేదు. కర్ణాటకలోని కోలారు బంగారుగనుల పట్టణంలో పాకీపని చేసే తెలుగు కుటుంబంలో 1966లో జన్మించిన బెజవాడ విల్సన్, ఈ దురాచార నిర్మూలనకై జీవితాన్ని అంకితం చేసి 2016లో రామన్ మెగసెసే పురస్కారాన్ని అందుకొన్నారు. మనుషులచేత మలాన్ని ఎత్తించడాన్నీ, రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి దింపడాన్నీ 2013 నాటి చట్టం నిషేధించింది. అట్టి పనిలో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023లో ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగినది నిజమే. కాని మూసియున్న గుంటలోని విషవాయువుకు చట్టం తెలియదు.

ఈ దృష్టితో చూచినపుడు తెరచిన కొలను, ఇంకుడు గుంత, రెండు గుంతల మరుగుదొడ్డి చవక పద్ధతులుగా మాత్రమే కనిపించవు. సక్రమంగా నిర్మిస్తే ఏ మనిషీ పచ్చి మలినాన్ని తాకవలసిన అవసరం రాదు. కొలనులో పూడిక తీయవలసివచ్చినపుడు నీటిని మళ్ళించి, అడుగు పూర్తిగా ఎండిన తరువాతనే యంత్రాలతో తీయించాలి. గట్లపై గడ్డి కోసేవానికి బూట్లు, చేతితొడుగులు, న్యాయమైన వేతనం ఇవ్వాలి. ఆ వ్యయం కూడ పథకపు లెక్కలో భాగమే.

వ్యర్థం నుండి అర్థం

శుద్ధమైన నీరు తిరిగి సంపద అవుతుంది. కలకత్తా నగరానికి తూర్పున సుమారు 12,500 హెక్టార్ల తేమనేలలలో మత్స్యకారులు తరతరాలుగా నగరపు మురుగునీటిని చెరువులలోకి పారించి చేపలు పెంచుతున్నారు. 2002లో ఈ ప్రాంతానికి రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యంగల తేమనేలగా గుర్తింపు లభించింది. పల్లెలో ఏడాదికి కోటిన్నర లీటర్లకు పైగా శుద్ధిచేసిన నీరు లభిస్తే కొన్ని ఎకరాల పశుగ్రాసానికి, కలపచెట్లకు, పూలతోటలకు వేసవిలో ఆధారం కలుగుతుంది. అందులోని నత్రజని, భాస్వరం ఎరువు ఖర్చును కూడ తగ్గిస్తాయి. కాని పచ్చిగా తినే ఆకుకూరలకు, ముల్లంగికి, ఉల్లికి ఈ నీరు పెట్టరాదు. చేపలను బాగా ఉడికించి తినాలి. కొలను నీటిని తాగడానికి గాని స్నానానికి గాని వాడరాదు. పిల్లలు దిగకుండా కంచె వేయాలి.

అందరి బాధ్యత

కుటేలాభాటాలో నేడు భిలాయి ఐ.ఐ.టి. విద్యాప్రాంగణం వెలసింది. నగరపు మురుగును దశాబ్దాల పాటు స్వీకరించిన ప్రాంతంలోనే దేశపు యువ ఇంజనీర్లు చదువుకొంటున్నారు. వారు నేర్చుకొనే సాంకేతికశాస్త్రం ఎంత ఉన్నతమైనదైనా, ఇంటి నీటిని గురించిన తొలిపాఠం ఆ ఊరి కొలను గట్టుమీదనే లభిస్తుంది.

పంజాబీ ఇంటినుండి, బెంగాలీ ఇంటినుండి, ఛత్తీస్‌గఢీ ఇంటినుండి, తెలుగు ఇంటినుండి బయలుదేరిన నీరు ఆ గట్టు చేరేసరికి ఎవరి నీరు ఏదో చెప్పడం సాధ్యం కాదు. ఒక ఇంటినుండి వచ్చిన విషం అందరి కొలనును చెరపగలదు. ఒక పల్లె చూపిన శ్రద్ధ దిగువనున్న పది పల్లెలను కాపాడగలదు. పాఠశాల, కళాశాల విద్యార్థులు తమ ఊరిలో ఒక్క పని చేసి చూడవచ్చు. తమ ఇంటి జాలారునుండి బయలుదేరి ఆ నీరు పోయే దారివెంట చివరిదాకా నడవాలి. అది ఎక్కడ నిలిచిందో, ఎవరి వాకిట నిలిచిందో, ఎవరి చెరువులో కలిసిందో గమనించి ఒక పటం గీయాలి. ఊరి పంచాయతీ సమావేశంలో మురుగునీటిని గురించి చర్చ ప్రారంభించడానికి ఆ పటాన్ని మించిన పత్రం మరొకటి ఉండదు.